పిన్ని చెయ్యి పడిన చోట

మా వీధిలో అందరూ మా చిన్నాన్నను చెవి మేస్త్రి అంటారు. ఆయన ఎలక్ట్రీషియన్. యాభై ఏళ్ల పాటు ఇళ్లకు వైరింగు చేశాడు. రేడియోలు, రికార్డు ప్లేయర్లు, టేప్ రికార్డర్లు బాగుచేశాడు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు చెవికి ఆనించుకుంటాడు. స్విచ్ కొనడానికి దుకాణానికి వెళ్తే రంగు చూడడు, కంపెనీ అడగడు. చెవి దగ్గర పెట్టుకుని నాలుగుసార్లు టక్కుటక్కుమనిపిస్తాడు. నచ్చితే జేబులో వేసుకుంటాడు, నచ్చకపోతే మొహం చిట్లించి వెనక్కి ఇచ్చేస్తాడు. ఆయన వస్తున్నాడంటే దుకాణాల వాళ్లు తలలు పట్టుకునేవాళ్లు.

ఆ దుకాణాల వాళ్లలో నేనూ ఒకణ్ణి. నేను ఆయన అన్న కొడుకుని. పని నేర్చుకున్నది ఆయన దగ్గరే అయినా, ఆ నల్ల స్విచ్‌లతో, చెక్క బోర్డులతో వేగలేక కొత్త రకం లైట్లు, స్విచ్‌లు అమ్మే షాపు పెట్టుకున్నాను. అద్దాల్లా మెరిసే స్విచ్‌లు. వేలితో తాకితే చాలు, చప్పుడు ఉండదు. చిన్నాన్న షాపుకొచ్చి వాటిల్లో ఒకటి చెవి దగ్గర పెట్టుకుని, “ఇది మాట్లాడదేంట్రా” అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

“స్విచ్ మాట్లాడ్డం ఎందుకు చిన్నాన్నా? దీపం వెలిగితే చాలదా?”

“వెలిగిందని చూసేవాళ్లకి చాల్లే.”

ఆ మాట నేను పట్టించుకోలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, బుద్ధి మాత్రం రెండు వీధులు వెనకబడి నడుచుకుంటూ వస్తుంది.

ఆయన పనిలో ఇంకో చాదస్తం ఉండేది. గోడకు స్విచ్ బోర్డు బిగించే ముందు, “ఈ ఇంట్లో ఎక్కువ తిరిగేది ఎవరు?” అని అడిగేవాడు. ఎక్కువగా ఇంటావిడే వచ్చేది. “అమ్మా, కళ్లు మూసుకుని గుమ్మం దాటి రండి. చీకటిగా ఉందనుకోండి. దీపం కోసం చెయ్యి ఎక్కడ పెడతారో పెట్టండి.” ఆవిడ సిగ్గుపడుతూనో నవ్వుతూనో నడిచి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టేది. ఆ చెయ్యి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, అక్కడ బోర్డు బిగించేవాడు. అందుకే ఊళ్లో ఆయన వైరింగు చేసిన ఇళ్లలో ఒక్క బోర్డూ ఇంకో ఇంటి బోర్డు ఎత్తులో ఉండదు. ఒకసారి ఒక ఇంజనీరు, “కొలతంటూ ఒకటి ఉంటుందయ్యా” అని గొడవపడ్డాడు. చిన్నాన్న ఆయన్ను కూడా కళ్లు మూసుకుని నడిపించాడు. ఇంజనీరుగారి చెయ్యి కొలత కంటే జానెడు కింద పడింది.

ఇక చిన్నాన్న సొంతిల్లు చెప్పనే అక్కర్లేదు. నాలుగు గదులు, మధ్యలో ఒక నడవా. మొత్తం పద్నాలుగు స్విచ్‌లు, ఏ రెండూ ఒక జాతివి కావు. హాల్లో గుండ్రటి నల్ల బేకలైట్ స్విచ్, పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌ది. నడవాలో కూడా నల్లదే, కానీ పొడుగు ముక్కుది. వంటింట్లో తెల్ల పింగాణీది, దానికి ఇత్తడి బొడిపె. పడగ్గదిలో ఏనుగు దంతం రంగుది, వదులుగా మెత్తగా వాలిపోతుంది. స్నానాల గదిలో తాడు లాగితే పనిచేసేది, తాడు చివర చెక్క పూస. మీటరు కింద అరచేతంత పింగాణీ ఫ్యూజులు. ఎక్కడ చూసినా ఇత్తడి హోల్డర్లు, పసుపు బల్బులు. “మీ ఇల్లు స్విచ్‌ల అనాథాశ్రమం పిన్నీ” అని నేను ఏడిపిస్తే, పిన్ని, “నిన్ను కూడా అలాగే చేరదీశాం కదరా మొద్దూ” అనేది. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచిన రోజు నాకు గుర్తులేదు.

అన్నిటికంటే నాకు చిరాకు తెప్పించేది హాల్లోని రేడియో. చెక్క పెట్టె, ముందు గోనెపట్టా లాంటి బట్ట, పైన పచ్చగా వెలిగే చిన్న కన్ను. వాల్వుల సెట్టు కాబట్టి వేసిన వెంటనే పలకదు, అర నిమిషం వేడెక్కాలి. వేడెక్కాక కూడా అది పాడేదీ లేదు, చెప్పేదీ లేదు. చిన్నాన్న దాన్ని ఏ స్టేషనూ తగలని చోట ఆపి వదిలేసేవాడు. పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా అది “మ్…” అని గొణుగుతూ ఉండేది. ఆ గొణుగుడు లోపల ఒక కండెన్సర్ పాతబడటం వల్ల వచ్చేది. కొత్తది వేస్తే పది నిమిషాల పని. ఊరందరి రేడియోలూ నయం చేసిన మనిషి, తన ఇంట్లోదాన్ని అలా మూలగనిస్తుంటే నాకు నామోషీగా ఉండేది.

“నేనే మార్చేస్తాను ఇటివ్వు,” అన్నాను ఒకసారి స్క్రూడ్రైవరు తీసి.

“చెయ్యి తియ్,” అన్నాడు చిన్నాన్న. నా మీద ఆయన గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

పాతవాటి మీద పిచ్చి అనుకున్నాను. కొందరికి ఉంటుంది అలా, పాతవస్తువు కనబడితే గుండెలకు హత్తుకోవడం. చిన్నాన్న కూతురు, అంటే మా చెల్లెలు, అదీ అలాగే అనుకుంది. తను వేరే ఊళ్లో కాలేజీలో లెక్కలు చెబుతుంది, తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట. “అన్నయ్యా, ఆ చెత్తంతా పీకేసి కొత్తవి పెట్టు. ఏదో ఒకరోజు అమ్మకి షాక్ కొడుతుంది. నాన్న ఒప్పుకోడు, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి.”

చేశాను. నా అంత మొనగాడు ఇంకెవడున్నాడు.

ఆ నెలలో చిన్నాన్నా పిన్నీ రెండు వారాలు ఊరెళ్లారు. పిన్ని వాళ్ల అక్కకు ఒంట్లో బాగాలేదు, చూసి వస్తాం అన్నారు. తాళం నా చేతికిచ్చారు. బస్సు కదిలిన గంటలో మా షాపు మనుషులిద్దరితో ఆ ఇంట్లో దిగాను. పాత వైర్లు లాగేశాం, గోడలు తవ్వి కొత్త పైపులు పూడ్చాం, బోర్డులన్నీ సరిగ్గా ఒకే కొలతలో పైకి జరిపాం. బోర్డుల వెనక పెన్సిలు సున్నాలు కనిపించాయి. వాటి మీద పుట్టీ పూసి రంగు వేయించాను. ప్రతి గదిలో ఒకే పలక, పలకలో వరసగా నాలుగు తెల్ల స్విచ్‌లు. పైన తెల్లటి లైట్లు. రేడియో ఉన్న చోట గుప్పెడంత కొత్త స్పీకరు. పీకిన సామానంతా, రేడియోతో సహా, పాత సామాన్లు కొనే అక్క బండిలో ఎక్కించి పంపేశాను. ఇల్లు కడిగిన పళ్లెంలా మెరిసిపోతుంటే, ఫొటోలు తీసి చెల్లెలికి పంపి, నా భుజం నేనే తట్టుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం వాళ్లు వచ్చారు. చిన్నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతిలో సంచీ కింద పెట్టలేదు. గోడల వంక ఒకసారి, పిన్ని వంక ఒకసారి చూశాడు.

“ఎలా ఉంది చిన్నాన్నా?” అన్నాను, కొత్త పెళ్లికొడుకులా ఇకిలిస్తూ.

“బాగుందిరా,” అన్నాడు మెల్లగా.

పిన్ని గుమ్మం దాటి గోడ మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడ కాసేపు ఉంది. కొంచెం పక్కకు జరిగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. “నున్నగా ఉందిరా మొద్దూ,” అంది. తర్వాత తల పక్కకు వంచి, “రేడియో ఏదీ?” అని అడిగింది.

“దాన్ని సాగనంపేశాను పిన్నీ. ఇదిగో, కొత్త స్పీకరు. పాట ఉంటే పాడుతుంది, లేకపోతే నోరు మూసుకుని కూర్చుంటుంది.”

“మంచిది,” అంది పిన్ని. గోడ మీద నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. నేను ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున పొగడ్తల కోసం మళ్లీ వెళ్లాను. వీధి తలుపు తీసే ఉంది. నడవాలో పిన్ని నాకు ఎదురుగా నిలబడి ఉంది. కిటికీలోంచి పట్టపగలు వెలుతురు ఆవిడ మొహం మీదే పడుతోంది. రెండు చేతులూ గోడ మీద పెట్టి పైకీ కిందకీ తడుముతోంది. నుదుటి మీద బొప్పి కట్టి నల్లబడింది. నేను రెండడుగుల దూరంలో పళ్లికిలించి నిలబడ్డాను. ఆవిడ నా వంకే చూస్తోంది, కానీ చూడటం లేదు. చెయ్యి ఎట్టకేలకు పలక మీద పడింది. ఒకటి నొక్కింది, ఫ్యాను తిరిగింది. ఇంకోటి నొక్కింది, బయట లైటు వెలిగింది. ఏది నొక్కినా చప్పుడు లేదు. నాలుగూ నొక్కి, మళ్లీ నాలుగూ తీసేసి, అక్కడే ఆగిపోయింది. నా చెప్పు చిన్నగా కిర్రుమంది.

“ఎవరది?” అంది పిన్ని.

నలభై ఏళ్లుగా నేను గేటు తీస్తే చాలు, “మొద్దూ, చెప్పులు బయట విప్పు” అనే మనిషి.

చిన్నాన్న నన్ను వరండాలోకి తీసుకెళ్లి చెప్పాడు. తొమ్మిదేళ్లుగా పిన్ని చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతూ వస్తోంది. వెళ్లింది అక్క దగ్గరకు కాదు, కళ్లాసుపత్రికి. అక్కడ ఇక చేసేదేమీ లేదని చెప్పి పంపేశారు. ఇప్పుడు ఆవిడకు తెలిసేది వెలుతురూ చీకటీ, అంతే.

“మరి ఇన్నాళ్లూ వంట, కుట్టుపని, ఇల్లు…”

“ఇల్లు చెప్పేదిరా ఆవిడకి,” అన్నాడు చిన్నాన్న. “చూపు తగ్గుతున్నకొద్దీ ఒక్కో స్విచ్ మార్చుకుంటూ వచ్చాను. ముక్కు పొడుగ్గా తగిలితే నడవా. చల్లగా ఇత్తడి తగిలితే వంటిల్లు. అది గట్టిగా టక్కుమంటుంది, నీళ్ల చప్పుళ్లో కూడా వినబడుతుంది. మెత్తగా వాలితే పడగ్గది. బయట వెలుతురు ఉన్నా లేకపోయినా వెళ్తూ ఒకసారి తాకుతుంది, అంతే, తనెక్కడుందో తెలిసిపోతుంది. చేతుల్లో ట్రేనో బిందెనో ఉంటే గోడ పట్టుకోవడానికి కుదరదు కదా. అప్పుడు రేడియో. అది మూలుగుతున్న వైపు హాలు. హాల్లోకొచ్చాక అది ఎంత దగ్గరగా వినబడితే నా కుర్చీ అంత దగ్గర.”

అందుకా స్టేషన్ పెట్టనిది. అందుకా కండెన్సర్ మార్చనిది. నా తల తీసుకెళ్లి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ గోడకు కూడా నేనే రంగు వేయించాను.

“తిట్టు చిన్నాన్నా,” అన్నాను. “గట్టిగా నాలుగు తిట్టు.”

“తిడితే స్విచ్‌లొస్తాయా?”

“నాకెందుకు చెప్పలేదు? చెల్లాయికెందుకు చెప్పలేదు?”

జవాబు లోపల నుంచి వచ్చింది. పిన్ని తలుపు చట్రం పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. “చెబితే కూర్చోబెడతార్రా. అమ్మాయి వాళ్లింటికి తీసుకెళ్లి మెత్తటి కుర్చీలో కూర్చోబెడుతుంది. ప్రేమగానే చూసుకుంటుంది, నాకు తెలీదా? మంచినీళ్లు తెచ్చిస్తుంది, చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. నాకు కూర్చోవడం చేతకాదురా. నా ఇంట్లో నా అంతట నేను తిరగాలి. తిరగలేని రోజున నేనే చెబుతాను.” ఒక క్షణం ఆగి, “ఆదివారం వస్తానంది అది. కొత్త ఇల్లు చూడ్డానికి,” అంది.

ఆ రోజు మంగళవారం.

పిన్ని గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. ఆదివారం లోపల ఆ ఇల్లు మళ్లీ ఆవిడ ఇల్లు కావాలి. కాకపోతే చెల్లెలు గుమ్మంలో అడుగుపెట్టిన అయిదు నిమిషాల్లో నుదుటి మీద బొప్పి చూస్తుంది, గోడలు తడమటం చూస్తుంది, సాయంత్రానికి సంచీ సర్దుతుంది. దాని తప్పూ కాదు. నేనైనా అదే చేస్తాను. చెల్లెలికి చెప్పేద్దామని కూడా అనిపించింది నాకు, కానీ చిన్నాన్న వేలెత్తి, “ఆ మాట మీ పిన్నిది. మనం చెప్పేది కాదు,” అన్నాడు.

పరుగున పాత సామాన్ల అక్క దగ్గరకు వెళ్లాం. ఆవిడ రేకుల షెడ్డులో పీట మీద కూర్చుని, ఒళ్లో పాత స్విచ్ పెట్టుకుని, సుత్తితో కొట్టి లోపలి ఇత్తడి ముక్కలు ఏరుకుంటోంది. ఆవిడ పక్కన మా రేడియో. మూలుగుతూనే ఉంది.

“మీరు పంపినవేగా ఇవి,” అంది ఆవిడ సుత్తి దించకుండా. “సగం అయిపోయాయి. ఏమైనా మర్చిపోయారా?”

చిన్నాన్న నేల మీద కూర్చున్నాడు. కొట్టనివి ఏరితే పద్నాలుగింటిలో తొమ్మిది దొరికాయి. నడవాది, వంటింటిది కూడా ఉన్నాయి. అయిదు పొడైపోయాయి. ఆ అయిదింటికీ జోడు కోసం ఆవిడ మూల పెట్టిన మూడు డబ్బాలు ముందుకు లాక్కున్నాం. ఊళ్లో పడగొట్టిన ఇళ్లన్నిటి స్విచ్‌లూ అందులో ఉన్నాయి. చిన్నాన్న ఒక్కొక్కటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, టక్కుమనిపించి, పక్కన పెడుతున్నాడు. ఇది కాదు. ఇదీ కాదు. ఇది దగ్గరగా ఉంది, కానీ కాదు. గంట గడిచింది. నా కాళ్లు తిమ్మిరెక్కాయి.

“అన్నీ ఒకేలా ఉన్నాయి చిన్నాన్నా. ఏదో ఒకటి తీసుకో,” అన్నాను విసుగ్గా.

ఆయన విసుక్కోలేదు. “కళ్లు ముయ్యి,” అన్నాడు. మూశాను. ఒకటి టక్కుమంది. “ఇది పెరటి తలుపు దగ్గరది.” ఇంకోటి టక్కుమంది. “ఇది కుట్టుమిషను దగ్గర పెడదామనుకుంటున్నాను.”

మొదటిది పొడిగా, బల్ల మీద వేలితో కొట్టినట్టు పలికింది. రెండోది లోపల ఏదో చిన్నగా జారి ఆగినట్టుగా ఉంది. ఇన్నేళ్లు స్విచ్‌లు అమ్ముకు బతికినవాణ్ణి, ఒక స్విచ్ చప్పుడు నిజంగా విన్నది ఆ రోజే. కళ్లు తెరిచాక కూడా కాసేపు ఆయన మొహం వంక చూడలేకపోయాను.

రేడియో దగ్గర పేచీ వచ్చింది. పాత సామాన్ల అక్క ససేమిరా ఇవ్వనంది. “ఒక్కదాన్నే ఉంటాను ఈ షెడ్డులో. పది రోజులుగా ఇది నాకు తోడుగా ఉంది,” అంది. నేను నోరు పెంచబోతే చిన్నాన్న నా చెయ్యి నొక్కి, పిన్ని సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఎవరికీ చెప్పొద్దన్న మాటను ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాడు. ఆవిడ విన్నది. లేచి ప్లగ్గు పీకి, తన కొంగుతోనే రేడియో మీద దుమ్ము తుడిచి నా చేతుల్లో పెట్టింది. నేను సాయంత్రం ఆ కొత్త స్పీకరు తీసుకెళ్లి ఆవిడకిచ్చి వచ్చాను. ఇప్పటికీ అది అక్కడ పాడుతూనే ఉంది.

బుధవారం పొద్దున బోర్డులు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. పాత పెన్సిలు సున్నాలు నా పుట్టీ కిందకు వెళ్లిపోయాయి. పాత మరల గుంతలు పూడ్చిన మచ్చలు మాత్రం రంగు కింద లీలగా కనిపిస్తున్నాయి. నేను ఆ మచ్చల మీద వేలు పెట్టి, “ఇక్కడే కదా,” అన్నాను.

“ఆగు,” అన్నాడు చిన్నాన్న. పిన్నిని పిలిచాడు. “ఏమేవ్, కళ్లు మూసుకుని గుమ్మం దాటి రా.”

“తెరిచి వచ్చినా ఒకటేగా,” అంది పిన్ని. అయినా మూసుకుంది. పెళ్లైన కొత్తలో ఈ ఇంట్లోనే, ఇదే గుమ్మంలో, ఆయన తనను మొదటిసారి అలా నడిపించాడని చెబుతూ వచ్చింది. “అప్పుడు మూడుసార్లు నడిపించారు. పని కోసమే అనుకున్నాను పిచ్చిదాన్ని,” అని నవ్వుతూ గోడ మీద చెయ్యి పెట్టింది.

చెయ్యి పాత మచ్చకు నాలుగు వేళ్లు కింద పడింది. నడవాలో కూడా అంతే. వంటింట్లో కూడా అంతే. ఈ ఏళ్లలో పిన్ని ఎంత వంగిపోయిందో మేమెవ్వరం చూడలేదు. చిన్నాన్న ప్రతిచోటా చెయ్యి చుట్టూ నెమ్మదిగా పెన్సిలు తిప్పాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ తిప్పాడు. ఆవిడకు ఏమీ చెప్పలేదు.

నాలుగు రోజులు షాపు మూసేసి నేనూ ఆయనా పని చేశాం. తవ్విన గోడను మళ్లీ తవ్వలేక, పాత పద్ధతిలో గోడ మీద చెక్క పట్టీలు కొట్టి వాటిల్లోంచి వైరు లాగాం. నేను మెట్లెక్కితే ఆయన కింద నిలబడి అందించాడు. ఒక్కో స్విచ్ బిగించగానే పిన్ని వచ్చి వేసి తీసేది. “ఇది పెరడు. సరిగ్గా ఉంది.” “ఇది మిషను గదిది కాదు. కొత్తది కదూ? ఫరవాలేదు, అలవాటు చేసుకుంటాను.” శనివారం సాయంత్రానికి పద్నాలుగూ పలికాయి. నా మెరిసే పలకలన్నీ అట్టపెట్టెలో సర్దుకున్నాను. పిన్ని ఆ రోజు హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి పెరట్లోకి ఏ పనీ లేకుండా పదిసార్లు తిరిగి ఉంటుంది. నేను లెక్కపెట్టడం మానేశాను.

ఆదివారం చెల్లెలు వచ్చింది. గుమ్మంలోనే నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏంటిది అన్నయ్యా? ఫొటోలో చూపించినవి ఏవి? మళ్లీ ఈ డబ్బాలే పెట్టావేంటి?”

“అవి… కుదర్లేదు,” అన్నాను.

“నాన్న బెదిరించుంటాడు. నువ్వు తలూపి ఉంటావు. మీ ఇద్దరి పాత సామాన్ల పిచ్చికీ మా అమ్మ బలి.” అది చెడామడా తిడుతుంటే నేను తల వంచుకుని నిలబడ్డాను. నా బతుకులో తిట్లు తింటూ ఎదురు మాట్లాడనిది ఆ ఒక్క రోజే.

పిన్ని నడవాలోంచి వచ్చి కూతుర్ని పలకరించింది. నుదుటి మీద బొప్పి కనబడకుండా జుట్టు ముందుకు దువ్వుకుంది. మొహం మీద నవ్వు. కూతురు ఎక్కడ కూర్చుందో గొంతును బట్టి పట్టేసి, సరిగ్గా దాని తల మీద చెయ్యి వేసింది. “చిక్కిపోయావేంటే,” అని కాఫీ కలపడానికి వెళ్లింది. నడవాలో టక్. వంటింట్లో టక్. నేను చిన్నాన్న వంక చూశాను. ఆయన రేడియో పక్కన కుర్చీలో కూర్చుని, పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నాడు.

అంతా బాగానే జరిగిపోయేది. ఇంతలో చెల్లెలి ఫోను మోగింది. ఎవరో విద్యార్థిని, ఏదో లెక్క అర్థం కాలేదట. “ఒక్క నిమిషం తల్లీ, ఇక్కడ గోలగా ఉంది,” అంటూ లేచి, చెయ్యి చాపి, రేడియో ఆపేసింది.

పచ్చ కన్ను ఆరిపోయింది. హాలు నిశ్శబ్దమైపోయింది. సరిగ్గా అప్పుడే పిన్ని రెండు చేతుల్లో ట్రేతో నడవా దాటి హాల్లోకి రెండడుగులు వేసింది. మూడో అడుగు గాల్లోనే ఆగిపోయింది. ట్రేలో నాలుగు కప్పులు, నిండా పొగలు కక్కే కాఫీ. పిన్ని తల ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. కప్పులు సన్నగా గలగలమన్నాయి. లేచి ట్రే అందుకుంటే గుట్టు రట్టు, అందుకోకపోతే కాఫీ ఆవిడ కాళ్ల మీద. నేను కుర్చీ అంచున బిగుసుకుపోయాను.

చిన్నాన్న పేపరు దించాడు. నోరు మూసుకుని, గొంతులోంచి, “మ్…” అన్నాడు.

అచ్చం ఆ మూలుగే. అదే స్థాయి, అదే బొంగురు. ఎన్నేళ్లు విన్నాడో దాన్ని. ఊపిరి అయిపోతే మళ్లీ పట్టి, “మ్…” అన్నాడు. పిన్ని గాల్లో ఉన్న అడుగు కింద పెట్టింది. ఆ చప్పుడు వైపు తిరిగి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది.

“ఏంటి నాన్నా ఆ కూనిరాగం?” అని చెల్లెలు నవ్వబోయింది. నవ్వబోయి అమ్మ వంక చూసింది. అమ్మ కళ్లు ట్రే మీద లేవు, నాన్న మీద లేవు, ఎవరి మీదా లేవు. చెల్లెలి చేతిలో ఫోను, “మేడమ్, మేడమ్” అంటూనే ఉంది. చెల్లెలు వినిపించుకోలేదు. నుదుటి మీద చెదిరిన జుట్టు కింద బొప్పి చూసింది. గోడ మీద కిందకు దిగిన బోర్డు చూసింది. నా వంక చూసింది, నేను తల దించుకున్నాను. లెక్కలు చెప్పే మనిషి, దానికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

చెల్లెలు మెల్లగా చెయ్యి చాపి రేడియో మీట తిప్పింది. అది వాల్వుల సెట్టు, వేడెక్కాలి. ఆ అర నిమిషమూ చిన్నాన్న ఆపలేదు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి. పిన్ని వచ్చి ట్రే బల్ల మీద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. అప్పుడు పచ్చ కన్ను వెలిగింది, సెట్టు మూలగడం మొదలుపెట్టింది. చిన్నాన్న ఊపిరి వదిలి పేపరు ఎత్తుకున్నాడు.

“అమ్మా,” అంది చెల్లెలు. “ఎప్పటి నుంచి?”

“కాఫీ తాగు ముందు. చల్లారిపోతుంది.”

“మా ఇంటికి వచ్చెయ్యమ్మా.”

“వస్తాను. చూసిపోవడానికి వస్తాను,” అంది పిన్ని. “ఇక్కడ నేను తిరగగలనే. ఇప్పుడు చూశావుగా.”

చెల్లెలు కాఫీ ముట్టుకోలేదు. లేచి నడవాలోకి వెళ్లింది. మాకు వీపు చేసి గుమ్మం దగ్గర నిలబడి కళ్లు మూసుకుంది. మూసుకుని ఉంటుందనే నేననుకున్నాను, ఎందుకంటే ఒక అడుగు వేసి, ఇల్లు కొత్తైనట్టు, గోడ మీద చెయ్యి పెట్టింది. ఒట్టి గోడ చప్పుడైంది. అటూ ఇటూ తడిమింది.

“ఇంకొంచెం కింద,” అంది పిన్ని, కుర్చీలోంచి అటు తిరక్కుండానే. “నాలుగు వేళ్లు.”

చెల్లెలి చెయ్యి నాలుగు వేళ్లు దిగింది. టక్కుమంది. నడవాలో పసుపు బల్బు వెలిగింది. చెల్లెలు కళ్లు తెరవకుండా, గోడకు నుదురు ఆనించి, ఆ స్విచ్ మీదే చెయ్యి ఉంచుకుని చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చాక తన కప్పు తీసుకుని, “నాన్నా, వచ్చే నెల మా ఇంటికి ఒక పెన్సిలు పట్టుకుని రా,” అంది.